ఇల్లు అతనిది, అప్పు ఇద్దరిదీ

పెళ్లిని రద్దు చేసే అధికారం కుటుంబ న్యాయస్థానానికి వుంది. పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో, భరణం ఎంతో, పెట్టిపోతల సామాను ఎవరికి చేరాలో అది చెప్పగలదు. భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి తెచ్చుకున్న ఇంటి అప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని నోరు పెగలదు. డిక్రీలో ‘ఇకమీదట వాయిదాలన్నీ భర్తే కట్టాలి’ అని రాసినా ఆ మాట బ్యాంకు గడప దాటి లోపలికి పోదు. చట్టం ముందు పడిన ముడిని చట్టమే విప్పుతుంది. బ్యాంకు కాగితాల మీద పడిన ముడి మాత్రం ఇంకో పదిహేనేళ్లు బిగిసే వుంటుంది.

దీన్ని ‘డబ్బు వ్యవహారం’ అని, ‘ఆడిటరును అడగండి’ అని పక్కన పెట్టేస్తున్నారు. పితృస్వామ్యం కొత్త ఇల్లు కట్టుకున్న చోటు ఇదేనని నా వాదన. ఒకప్పుడు భర్తను విడిచి వచ్చిన స్త్రీకి ఎవరూ ఇల్లు అద్దెకిచ్చేవారు కాదు, ఆమె మాట నమ్మేవారు కాదు. ఇప్పుడు ఆ అపనమ్మకానికి 300 నుంచి 900 దాకా అంకెలు వేసి, దానికి క్రెడిట్ స్కోరు అని పేరు పెట్టారు. వాయిదాలు ఎగ్గొట్టేది అతను. అంకె పడిపోయేది ఆమెది కూడా.

సంతకం ఎందుకు పెట్టించుకుంటారు?

‘చదువుకున్న ఆడవాళ్లు చూసుకుని సంతకం పెట్టాలి కదా’ అనే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. ఆ సంతకం ఎలా వస్తుందో వారు చూడరు. ఒక్క జీతం మీద బ్యాంకు ఇచ్చే అప్పుతో హైదరాబాదులోనో విజయవాడలోనో రెండు గదుల ఫ్లాటు రాదు. ఇద్దరి జీతాలూ కలిపి చూపిస్తే వస్తుంది. భార్య పేరు చేరిస్తే చాలా బ్యాంకులు వడ్డీలో చిన్న రాయితీ ఇస్తాయి. ఇద్దరూ ఇంటి యజమానులై, ఇద్దరూ అప్పు కడుతుంటే, పాత పన్ను విధానంలో వడ్డీ మీద చెరి 2 లక్షల రూపాయల దాకా మినహాయింపు వుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పేద కుటుంబాలకిచ్చే ఇల్లు స్త్రీ పేరు మీదో, స్త్రీ పేరు కలిపో వుండాలి. అంటే ఆమె సంతకం ఇంటికి లాభం, బ్యాంకుకు లాభం, ప్రభుత్వ లెక్కల్లో స్త్రీల సాధికారత. సంతకం పెట్టనంటే మాత్రం ‘మొగుడి మీద నమ్మకం లేని మనిషి’ అవుతుంది.

ఇక్కడొక మెలిక వుంది. ఇంటి దస్తావేజులో పేరున్న ప్రతివారూ అప్పులో కూడా చేరాలని బ్యాంకులు మామూలుగా పట్టుబడతాయి. అప్పులో చేరిన ప్రతివారికీ ఇంట్లో వాటా వుండాలని మాత్రం పట్టుబట్టవు. అందుకే దస్తావేజు భర్త పేరునో, మామగారి పేరునో వుండి, అప్పు కాగితాల మీద మాత్రం కోడలి జీతం చీటీ వుండే ఇళ్లున్నాయి. ఇల్లు అతనిది, అప్పు ఇద్దరిదీ. ఆమె వాటాకు వచ్చింది బాధ్యత మాత్రమే.

1872 నాటి చట్టం, ఈనాటి కంప్యూటరు

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 43వ సెక్షన్ ఏమంటుందంటే, ఇద్దరు కలిసి ఒక మాట ఇస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, మాట పుచ్చుకున్నవాడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. సగం అప్పు నాది, సగం అతనిది అనుకోవడం మన భ్రమ. బ్యాంకు దృష్టిలో మొత్తం అప్పు ఆమెదే, మొత్తం అప్పు అతనిదే కూడా. పాత ఒప్పందం పోయి కొత్తది రావాలంటే అన్ని పక్షాలూ ఒప్పుకోవాలి, అంటే బ్యాంకు కూడా ఒప్పుకోవాలి. కుటుంబ న్యాయస్థానంలో జరిగే కేసులో బ్యాంకు పక్షం కాదు. కాబట్టి ఆ డిక్రీ దానికి పట్టదు.

అదే 43వ సెక్షన్ ప్రకారం ఎక్కువ కట్టినవారు రెండోవారి వాటాను వారి దగ్గర రాబట్టుకోవచ్చు. నిజమే. కానీ దానికి ఇంకో దావా, ఇంకో వకీలు, ఇంకొన్నేళ్లు. అతను వాయిదా ఎగ్గొట్టిన సంగతి స్కోరులోకి ఎక్కడానికి అంతకాలం అక్కర్లేదు. శిక్షది కంప్యూటరు వేగం, న్యాయానిది వాయిదాల వేగం.

నోటీసు ఎక్కడికి వెళ్తుంది?

వాయిదా తప్పిన మొదటి రోజు నుంచే బ్యాంకు ఆ ఖాతాను గమనింపులో పెడుతుంది. 90 రోజులు దాటితే అది మొండి బకాయి. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, కోర్టుకు వెళ్లకుండానే, 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు వుంది. దాని మీద అభ్యంతరం వుంటే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు 45 రోజుల్లోగా వెళ్లాలి.

ఈ గడువులన్నీ మొదలయ్యేది నోటీసు చేతికందిన మనిషికే. ఆ నోటీసు ఏ చిరునామాకు వెళ్తుంది? అప్పు కాగితాల్లో రాసిన చిరునామాకు. అంటే తరచుగా ఆ ఫ్లాటుకే. ఆమెను కొట్టి వెళ్లగొట్టిన ఫ్లాటుకు, తాళాలు మార్చేసిన ఫ్లాటుకు. రిజిస్టర్డ్ పోస్టు అతను తీసుకుని బల్ల సొరుగులో పడేస్తాడు. వాయిదా తప్పినట్టు వచ్చే సందేశాలు అప్పు తీసుకున్నప్పుడు రాసిన ఫోను నంబరుకు వెళ్తాయి, అది అతనిదే. ఆమెకు తెలిసేది వసూలు మనిషి ఆమె పనిచేసే ఆఫీసుకు వచ్చినప్పుడు. వాయిదా ఎగ్గొట్టడం కొందరు భర్తలకు స్తోమత లేక కాదు, అదొక ఆయుధం. ‘కేసు వెనక్కి తీసుకో, వాయిదా కడతాను’ అనే బేరానికి బ్యాంకు తెలిసో తెలియకో సాధనమవుతోంది.

ఆమె జీతం ఎక్కడికి పోయింది?

ఒక లెక్క వేసి చూద్దాం. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. నెలసరి వాయిదా సుమారు 43,400 రూపాయలు. అయిదేళ్లు తప్పకుండా కడితే బ్యాంకుకు చేరింది 26 లక్షలు. అందులో అసలుకు జమ అయ్యింది 6 లక్షల లోపు. మిగతా 20 లక్షలూ వడ్డీయే. పెళ్లి అయిదో ఏట బెడిస్తే ఆ ఇంటి మీద ఇంకా 44 లక్షల అప్పు వుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 26 లక్షలు ఎవరి ఖాతాలోంచి పోయాయి? చాలా ఇళ్లల్లో వాయిదా అతని ఖాతాలోంచి పోతుంది. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, బడి ఫీజు, అత్తగారి మందులు, పనిమనిషి జీతం ఆమె ఖాతాలోంచి పోతాయి. మొదట కట్టిన మార్జిన్ సొమ్ము కోసం అమ్మిన నగలకు రసీదు వుండదు. ఆమె జీతం వంటింట్లో కరిగిపోయింది, అతని జీతం గోడలుగా నిలబడింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షన్ ప్రకారం, ఇద్దరు విడివిడి సొమ్ముతో కలిసి ఆస్తి కొంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరెంత పెట్టారో అంత నిష్పత్తిలో వాటా. ఎంత పెట్టారో రుజువు లేకపోతే సమానమని భావిస్తారు. అంటే బ్యాంకు పాసుపుస్తకంలో కనిపించే అతని వాయిదాలు రుజువు, ఆమె పెట్టిన అన్నం రుజువు కాదు. వాటా తేల్చేటప్పుడు ఎవరు కట్టారని అడుగుతారు. అప్పు వసూలు చేసేటప్పుడు ఎవరు సంతకం పెట్టారని మాత్రమే అడుగుతారు. లాభానికొక సూత్రం, నష్టానికొక సూత్రం!

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇంటిపని చేసిన భార్య శ్రమ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని, భర్త పేరున కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా వుందని చెప్పింది. స్త్రీవాదులు దశాబ్దాలుగా చెబుతున్న మాట అది. కానీ ఒక తీర్పు చట్టం కాదు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో నెగ్గి, లోక్‌సభ గడప దగ్గరే ఆగి, 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. గోవాలో తప్ప మన దేశంలో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అన్న భావనే చట్టంలో లేదు. ఉమ్మడి అప్పు మాత్రం దేశమంతటా వుంది.

‘ఇది మధ్యతరగతి గొడవ కదా?’

ఈ మాట మన ఉద్యమాల్లోంచే వస్తుంది. కూలి స్త్రీల సమస్యల ముందు ఫ్లాట్ల గొడవ ఏమిటి అని. రెండు జవాబులు. మొదటిది, గృహరుణ కంపెనీలు ఇప్పుడు వెదుకుతున్నది చిన్న పట్టణాల్లో టైలర్లను, టిఫిన్ బండి నడుపుకునేవారిని, చిన్న జీతగాళ్లను. అక్కడ కూడా భార్య సంతకం తప్పనిసరి. రెండోది, నమ్మకస్తురాలు అన్న పేరు పేద స్త్రీకి మరింత విలువైనది. పొదుపు సంఘాల్లో ముప్పై ఏళ్లుగా మన స్త్రీలు రూపాయి రూపాయి కట్టి సంపాదించుకున్నది ఆ పేరే. స్త్రీలు అప్పు ఎగ్గొట్టరన్న నమ్మకం మీదే ఎన్నో సంస్థలు వ్యాపారం పెంచుకున్నాయి. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చిందంటే ఆ నమ్మకాన్ని ఎంతగా పిండారో తెలుస్తుంది.

ఆ పేరు చెడితే ఏమవుతుంది? కూతురి ఇంజనీరింగ్ చదువుకు అప్పు కావాలంటే తల్లి సహరుణగ్రహీతగా నిలబడాలి. ఆమె స్కోరు చూసి బ్యాంకు కాదంటుంది. కుట్టుమిషన్ల షాపు పెట్టుకుందామంటే అప్పు పుట్టదు, పుడితే వడ్డీ వ్యాపారి దగ్గర పుడుతుంది. బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో కూడా రుణచరిత్ర బాగుండాలన్న నిబంధన చేరింది, దాన్ని 2025లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. తన కాళ్ల మీద తను నిలబడటానికి బయటికి వచ్చిన స్త్రీకి నిలబడే నేల లేకుండా చెయ్యడమంటే ఇదే.

బ్యాంకుల వాదన

‘మీ కాపురం గొడవ మాకెందుకు? ఇద్దరి ఆదాయం చూసి అప్పిచ్చాం. ఇది డిపాజిటుదారుల సొమ్ము’ అంటాయి బ్యాంకులు. ఇందులో కొంత న్యాయం వుంది. అప్పు రద్దు చెయ్యమని ఎవరూ అడగడం లేదు. కానీ ఇల్లు తనఖాలో వుంది, దస్తావేజులు బ్యాంకు బీరువాలో వున్నాయి. డబ్బుకు హామీ ఇల్లే. ఆమె పేరు మీద మచ్చ వేసినందువల్ల డిపాజిటుదారుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు. వాయిదా కట్టవలసింది ఫలానా వ్యక్తి అని న్యాయస్థానం చెప్పాక, ఎగ్గొట్టింది ఎవరో తెలిసి కూడా ఇద్దరినీ ఒకే గాటన కట్టడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. రుణచరిత్ర అంటే ఒక మనిషి నడవడికకు సాక్ష్యమని ఆ సంస్థలే చెప్పుకుంటాయి. మరి ఇది ఎవరి నడవడిక?

అమెరికాలో 1982 నాటి ఒక సమాఖ్య చట్టం ప్రకారం విడాకుల తీర్పుతో ఇల్లు మాజీ భార్యకు బదిలీ అయితే, ఆ కారణం చూపి అప్పు మొత్తం ఒకేసారి కట్టమని అప్పిచ్చిన సంస్థ పట్టుబట్టకూడదు. అక్కడ కూడా పాత సంతకం బాధ్యత పోదు. కానీ విడాకులనేవి జరుగుతాయని, అప్పు చట్టం వాటిని గుర్తించాలని ఒప్పుకున్నారు. మన బ్యాంకింగ్ నియమాలు ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు.

కేసు నడుస్తుండగా

చట్టం మారేదాకా మన దగ్గరికి వచ్చే స్త్రీలు ఆగలేరు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో నగలు, కట్నం, సామాను గురించి రాసుకునే కాగితం మీద ‘ఏయే అప్పుల మీద సంతకం వుంది?’ అన్న ప్రశ్న కూడా వుండాలి. ఆ తర్వాత ఈ పనులు.

మొదట రుణచరిత్ర తెప్పించుకోవాలి. దేశంలో నాలుగు రుణ సమాచార సంస్థలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తనకు తెలియకుండా తన పేరున వున్న అప్పులు, హామీలు అక్కడే బయటపడతాయి. అందులో తప్పు వుంటే ఫిర్యాదు చెయ్యాలి. 30 రోజుల్లో సరిచెయ్యకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్నది 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం.

ఇల్లు విడిచి వచ్చిన వారంలోనే బ్యాంకుకు రాతపూర్వకంగా కొత్త చిరునామా, సొంత ఫోను నంబరు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటీసులన్నీ తనకు విడిగా పంపమని, తన సంతకం లేకుండా ఈ ఖాతాలో అదనపు అప్పు ఇవ్వవద్దని అందులో రాయాలి. ఇంటి అప్పు ఓవర్‌డ్రాఫ్టు తరహాలో వుంటే మరింత జాగ్రత్త. ముందుగా కట్టిన సొమ్మును అతనొక్కడే మళ్లీ తీసేసుకోగలడు. ఇద్దరి సంతకం లేనిదే డబ్బు తియ్యకుండా మార్చమని అడగాలి.

2005 నాటి గృహహింస చట్టాన్ని ఇక్కడ వాడుకోవాలి. ఆర్థిక హింస నిర్వచనంలో ఇంటి అద్దె ప్రస్తావన వుంది, వాయిదా ప్రస్తావన లేదు. అయితే ఆ జాబితా ‘ఇవి మాత్రమే’ అని చెప్పలేదు. కాబట్టి కక్షతో వాయిదా ఎగ్గొట్టడం ఆర్థిక హింసేనని గట్టిగా వాదించవచ్చు. ఉమ్మడి ఖాతాలను అతను ముట్టుకోకుండా 18వ సెక్షన్ కింద, ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా 19వ సెక్షన్ కింద ఉత్తర్వు కోరవచ్చు.

రజనేష్ - నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలి. అందులో అప్పుల భాగాన్ని ఖాళీగా వదలవద్దు. ఆమె కడుతున్న వాయిదా అక్కడ కనిపించకపోతే, ‘ఈమెకు జీతం వుంది’ అన్న ఒక్క మాటే న్యాయమూర్తికి మిగులుతుంది.

పరస్పర అంగీకారంతో విడాకులైతే మొదటి దరఖాస్తుకు, రెండో దరఖాస్తుకు మధ్య మామూలుగా ఆరు నెలల వ్యవధి వుంటుంది. దాన్ని రద్దు చెయ్యవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పాక అందరూ తొందరపడుతున్నారు. ఇంటి అప్పు వున్న స్త్రీ తొందరపడకూడదు. ఆ ఆరు నెలలే ఆమె బలం. ఆ లోపల ఇల్లు అమ్మి అప్పు తీర్చాలి, లేదా ఇంటిని వుంచుకునేవారు తమ ఒక్కరి పేరున కొత్త అప్పు తెచ్చి పాతది మూసెయ్యాలి. ‘మిమ్మల్ని ఈ రుణం నుంచి విడుదల చేశాం’ అన్న బ్యాంకు ఉత్తరం చేతికి వచ్చాకే రెండో దరఖాస్తు మీద సంతకం. అంతకు ముందు ఇంట్లో తన హక్కును వదులుకుంటూ విడుదల దస్తావేజు రాసివ్వడం అంటే ఇల్లు వదులుకుని అప్పు వుంచుకోవడమే.

అప్పు తీర్చేటప్పుడు కూడా ‘సెటిల్మెంటు’ అన్న తియ్యటి మాటకు మోసపోవద్దు. బకాయిలో కొంత తగ్గించి కట్టించుకుంటే రుణచరిత్రలో ‘సెటిల్డ్’ అని మచ్చగా నిలిచిపోతుంది. పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవాలి.

మనం అడగవలసినవి

ఒక్కొక్క స్త్రీ ఒక్కొక్క బ్యాంకు మేనేజరును బతిమాలుకునే పని కాదిది. రిజర్వు బ్యాంకును, ప్రభుత్వాన్ని మనం సంఘటితంగా అడగాలి.

ఉమ్మడి రుణంలో ఒక్క వాయిదా తప్పినా ప్రతి రుణగ్రహీతకూ, వారు ఇచ్చిన సొంత చిరునామాకు విడిగా తెలియజెయ్యాలి. విడాకుల, గృహహింస కేసులు నడుస్తున్నప్పుడు ఉమ్మడి రుణాన్ని విడదియ్యమని దరఖాస్తు చేసుకునే పద్ధతి ప్రతి బ్యాంకులోనూ వుండాలి. దానికి గడువు వుండాలి, కాదంటే కారణం రాసి ఇవ్వాలి. వాయిదా బాధ్యత ఒకరిదని న్యాయస్థానం చెప్పాక రెండోవారి స్కోరు మీద ఆ ఎగవేత ప్రభావం పడకూడదు. ఇంటి అప్పు వున్న కేసుల్లో డిక్రీకి ముందే బ్యాంకును పిలిచి వినే పద్ధతి కుటుంబ న్యాయస్థానాలు పాటించాలి. అప్పులో సంతకం తీసుకునే ప్రతి భార్యకూ దస్తావేజులో వాటా వుందో లేదో బ్యాంకు ఆమె భాషలో, రాతపూర్వకంగా చెప్పాలి. వీటన్నిటికీ పునాదిగా, పెళ్లయ్యాక కూడిన ఆస్తిలో భార్యకు సమాన వాటా ఇచ్చే చట్టం రావాలి.

1985లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చే సవరణ వచ్చినప్పుడు కుటుంబాలు కూలిపోతాయన్నారు. కుటుంబాలు కూలలేదు. 2005లో దేశమంతా అదే దారి పట్టింది. పుట్టింటి ఆస్తిలో గెలిచిన హక్కును కాపురం చేసిన ఇంట్లో కూడా గెలవాలి. అప్పటిదాకా, కట్టవలసినవాడు కట్టని అప్పుకు ఆమె పేరును జామీను పెట్టడాన్ని మనం న్యాయమని ఒప్పుకోనక్కర్లేదు.